పుట్టుకకు ముందటి అమావాస్య

గోడవతల కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మైనపు పలక మీద మీ గంటం ఆగిపోయింది. ఒక క్షణం గడిచింది. ఇంకో క్షణం. అప్పుడు వినిపించింది పసిగొంతు.

"పుట్టేసింది! గడియారం చూడండి!" లోపల్నుంచి మంత్రసాని అరుస్తోంది.

దీపం అందుకుని మీరు వసారా మూలకు ఉరుకుతున్నారు. ఇది అలెగ్జాండ్రియా నగరం, క్రీస్తు శకం 2వ శతాబ్దం. వేసవి తొలిరోజులు, పొట్టి రాత్రి. మీరు జ్యోతిష్కులు. పొద్దుగూకినప్పటి నుంచీ ఈ కాన్పు కోసం ఇక్కడే కూర్చున్నారు. నూనె పొగకు కళ్ళు మండుతున్నాయి. మూలన రాతి పాత్ర ఉంది. దాని అడుగున సన్నని రంధ్రం, లోపలి గోడ మీద గంటల గీతలు. నీళ్ళు తగ్గేకొద్దీ గీతలు బయటపడతాయి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా పన్నెండు గంటల లెక్క. తొమ్మిదో గీత దాటింది, పదోది ఇంకా రాలేదు.

రంధ్రం కింద వేలు పెట్టి చూడండి. జిగురుగా తగులుతోంది. నాచు. సాయంత్రం ధారగా పడిన నీరు ఇప్పుడు బొట్లుగా పడుతోంది. ఎప్పటి నుంచి ఇలా పడుతోంది? మీరు గమనించలేదు. గడియారం పావుగంట వెనకబడిందా, అరగంటా?

పావుగంటదేముందిలే అనుకోవడానికి లేదు. ఇప్పుడు తూర్పున మేషరాశి లేస్తోంది. ఈ ఊళ్ళో మేషం తొందరగా లేచే రాశి, ఒక్కో డిగ్రీ పైకి రావడానికి మూడు నిమిషాలు కూడా పట్టదు. అరగంట పొరపాటు పడితే లగ్నం పది డిగ్రీలకు పైగా జరిగిపోతుంది. తూర్పు వైపు చూస్తే మేడల గోడలు, వాటి మీద సముద్రపు మసక. నక్షత్రం ఎత్తు కొలిచే పరికరం చేతిలో ఉంటే మేడెక్కి చూసేవారు. అలాంటి పరికరం మీ దగ్గర లేదు. ఈ ఊళ్ళో చాలామంది జ్యోతిష్కుల దగ్గరా లేదు.

మీ ఒళ్ళో ఉన్న పపైరస్ చుట్ట ఈ ఊరివాడే అయిన టాలెమీ రాసిన టెట్రాబిబ్లాస్. నీడ గడియారాలు తప్పుతాయి, నీటి గడియారాలు ధార మారి తప్పుతాయి అని అందులో ఆయనే రాశాడు. సరైన పరికరంతో ఆకాశాన్ని చూసినవాడికే పుట్టిన నిమిషం తెలుస్తుందన్నాడు. అంత నిజం ఒప్పుకున్నవాడి మీద ఎవరికైనా గౌరవం కలుగుతుంది. మరి చూడలేనివాడు ఏం చేయాలి? అతనికీ ఒక దారి చెప్పాడు: పుట్టుకకు ముందు చివరిసారి వచ్చిన అమావాస్యనో పున్నమినో పట్టుకో.

పట్టికల చుట్ట విప్పండి. వేలు వరుస వెంట దిగుతోంది. ఇదిగో, తొమ్మిది రోజుల కిందట అమావాస్య. సూర్యుడు, చంద్రుడు ఒకే డిగ్రీలో కలిశారు: వృషభం 20. (మన లెక్కలో ఈ రాత్రి శుక్ల దశమి. తెలుగు ఇళ్ళలో తిథి చూడడమంటే గడిచిన అమావాస్య నుంచో పున్నమి నుంచో లెక్కపెట్టడమే.) గుండె కాస్త కుదుటపడుతుంది. అమావాస్యకు అమావాస్యకు సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఆ సగటును హిప్పార్కస్ కాలానికే, మీకు సుమారు మూడు వందల ఏళ్ళ ముందే, క్షణాల దాకా లెక్కగట్టారు. ఈ ఇంట్లో ఈ రాత్రి మీ దగ్గరున్న గట్టి సంఖ్య అదొక్కటే.

ఇప్పుడు రాశిచక్రం గీసిన దంతపు పలక మీద రాళ్ళు పేర్చండి. సూర్యుడు వృషభం చివర. చంద్రుడు కన్యలో, 22. శుక్రుడు కర్కాటకంలో, 13. ఎర్రరాయి కుజుడిది, వృషభం 6 దగ్గర పెట్టండి.

అమావాస్య పడిన ఆ డిగ్రీ మీద ఏ గ్రహానికి ఎక్కువ హక్కు ఉందో తేల్చాలి. హక్కులు ఐదు: స్వక్షేత్రం, ఉచ్చ, ఒకే తత్త్వానికి చెందిన మూడు రాశుల ఆధిపత్యం, రాశిలో గ్రహాలకు పంచిన హద్దు, దృష్టి. గెలిచిన గ్రహం ఇప్పుడు తానున్న రాశిలో ఎన్నో డిగ్రీలో ఉందో, లగ్నం కూడా లేస్తున్న రాశిలో అన్నో డిగ్రీయే అని సూత్రం. తర్వాతి శతాబ్దాల్లో అరబ్బు, పర్షియన్ జ్యోతిష్కులు నమూదార్ అన్నది దీన్నే.

వృషభం శుక్రుడి సొంతిల్లు, చంద్రుడికి ఉచ్చ. ఇది మన సిద్ధాంతులూ చెప్పేదే. భూతత్త్వ రాశుల ఆధిపత్యం ఇద్దరిదీ. కర్కాటకం నుంచి శుక్రుడు వృషభాన్ని చూస్తున్నాడు, కన్య నుంచి చంద్రుడూ చూస్తున్నాడు. హద్దు గురుడిది, ఆ ఒక్కటే ఆయనకు. లెక్కపెట్టండి. శుక్రుడికి మూడు. చంద్రుడికి మూడు.

సమానం!

లగ్నం మేషం 13, లేదా మేషం 22. మధ్యలో ఇరవై ఐదు నిమిషాలు. గడియారం చెప్పేదానికి ఏది దగ్గరైతే అది తీసుకోమంటాడు టాలెమీ. గడియారం ప్రకారం పదిహేడున్నర. రెండూ అంతే దూరం. అప్పుడు కేంద్రంలో ఉన్నవాడికి, పగలూ రాత్రుల్లో తన పక్షం నడుస్తున్నవాడికి మొగ్గమంటాడు. రాత్రి ఇద్దరిదీ. శుక్రుడు నాలుగో ఇంట, కేంద్రంలో ఉన్నాడు. చంద్రుడు ఆరో ఇంట ఉన్నాడు.

అయితే 13. రాసేద్దామా?

తలుపు తెరుచుకుంది. తండ్రి. ముఖమంతా చెమట.

"ఆడపిల్లటయ్యా. ఎన్నాళ్ళు బతుకుతుంది? పెంచుకోవచ్చా?"

ఉత్త మాటగా అడగడం లేదు. ఈ దేశంలో పుట్టిన బిడ్డను పెంచకుండా బయట వదిలేయడం ఉంది. క్రీస్తుపూర్వం 1లో ఈ అలెగ్జాండ్రియా నుంచే ఒక కూలివాడు ఇంటికి ఉత్తరం రాశాడు, మగబిడ్డయితే ఉంచు, ఆడబిడ్డయితే వదిలెయ్ అని. ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన ఆ పపైరస్ ఈనాటికీ ఉంది.

ఆయుర్దాయం లెక్క కట్టాలి. ముందు ప్రాణదాతను వెతకాలి. రాత్రి జన్మ కాబట్టి మొదట చంద్రుడు. ఆరో ఇంట పనికిరాడు. సూర్యుడు భూమి కింద. మిగతావాళ్ళూ తగిన చోట లేరు. ఎవరూ లేకపోతే? మళ్ళీ ఆ అమావాస్యే. పుట్టుకకు ముందు పున్నమి వస్తే భాగ్యబిందువు, అమావాస్య వస్తే లగ్నం.

లగ్నమే ప్రాణం.

లగ్నం నుంచి పాపగ్రహం దాకా నడవాలి. లెక్క రాశి డిగ్రీలది కాదు; ఆ భాగం ఉదయించేలోగా ఆకాశం తిరిగే ఒక్కో డిగ్రీకి ఒక్కో ఏడు. దారిలో కుజుడున్నాడు, వృషభం 6.

లగ్నం 13 అయితే పదహారేళ్ళు.

22 అయితే పదేళ్ళు.

తండ్రి చూస్తున్నాడు. రంధ్రంలో నాచు. మీ వేలికి ఇంకా ఆ జిగురు.

అమావాస్య నిజం. పట్టిక నిజం. కానీ ఆ అమావాస్య నుంచి ఈ లగ్నానికి వేసిన వంతెన కింద ఏ ఆధారమూ లేదు. శుక్రుడు పదమూడో డిగ్రీలో ఉన్నంత మాత్రాన మేషం కూడా పదమూడో డిగ్రీలోనే లేవాలని ఆకాశంలో ఎక్కడా కారణం కనిపించదు. మీకు తెలిసిన ఒక్క సంఖ్య, మీకు తెలియని నిమిషాన్ని తెలిసినట్టు చూపిస్తోంది. అంతే. ఆ నిమిషం నాచుపట్టిన పాత్రలో పోయింది.

లోపల మంత్రసాని తన పరీక్ష తాను చేస్తోంది. బిడ్డను నేల మీద పడుకోబెట్టి ఏడుపు వింటోంది. వేళ్ళూ కీళ్ళూ తడుముతోంది. చెవి, ముక్కు చూస్తోంది. నెలలు నిండాయా అని తల్లిని అడుగుతోంది. ఈ శతాబ్దపు వైద్యుడు సొరానస్ మంత్రసానుల కోసం రాసిన పరీక్షే ఇది. ఆమె పరీక్షిస్తున్నది ఎదురుగా ఉన్న బిడ్డను.

ఏడుపు గట్టిగా ఉంది. ఇక్కడికి వినిపిస్తోంది.

తండ్రి మళ్ళీ అడుగుతున్నాడు. పదహారు అనకండి. పది అనకండి. ఆ అంకెల్లో ఏది పలికినా పాప ఉండేది ఇంట్లోనో దిబ్బ మీదో తేలిపోవచ్చు. పలకను బోర్లించి, మంత్రసాని మాట వినమనండి. బిడ్డను పెంచుకోమనండి.