స్టీమ్‌లో గేమ్ కవర్: చిన్న బొమ్మకే పెద్ద పరీక్ష

ఇండీ రోల్ ప్లేయింగ్ గేమ్‌ల వెనుక ఉండేది చిన్న బృందాలు, కొన్నిసార్లు ఒక్కరే. ఏళ్ల శ్రమ ఉన్నా ప్రచారానికి డబ్బు మిగలదు. అందుకే స్టోర్‌లో కొనేవారి కంట ముందుగా పడే కవర్ చిత్రమే కీలకం. వాల్వ్ సంస్థ నడిపే స్టీమ్‌లో దీన్ని ‘క్యాప్సూల్’ అంటారు.

ఒక్క బొమ్మ గీసి వదిలేస్తే సరిపోదు. స్టోర్‌కు అడ్డంగా, లైబ్రరీకి 600×900 పిక్సెళ్లలో నిలువుగా, ఇలా పలు కొలతల్లో ఇవ్వాలి. చిన్న క్యాప్సూల్‌ను స్టీమ్ 120×45 పిక్సెళ్ల వరకూ కుదిస్తుంది. సినిమా పోస్టర్‌లా నలుగురు వీరులు, డ్రాగన్, కోట అన్నీ పెడితే ఆ సైజులో ఏదీ ఆనవాలు దొరకదు. కాబట్టి అక్కడ గేమ్ పేరే దాదాపు మొత్తం స్థలాన్ని ఆక్రమించాలి. పెద్ద క్యాప్సూళ్లలో ప్రధాన పాత్ర ఒకటి, వెనుక ఆ లోకాన్ని సూచించే దృశ్యం చాలు.

ఖర్చు పెడితేనే గుర్తింపు వస్తుందనేమీ లేదు. 2015లో టోబీ ఫాక్స్ విడుదల చేసిన ‘అండర్‌టేల్’ను నలుపు మీద తెల్లటి అక్షరాలు, చిన్న ఎర్ర గుండెతోనే ఇట్టే గుర్తుపడతారు.

నిబంధనలూ ఉన్నాయి. 2022 సెప్టెంబరు 1 నుంచి క్యాప్సూల్‌పై గేమ్ చిత్రం, పేరు, అధికారిక ఉపశీర్షిక మాత్రమే ఉండాలి. రివ్యూ స్కోర్లు, అవార్డులు, డిస్కౌంట్ ప్రకటనలు కుదరవు.

ఖరారు చేసే ముందు బొమ్మను అతి చిన్న సైజుకు కుదించి, ఇతర గేమ్‌ల వరుసలో పెట్టి కొత్తవారికి చూపాలి. పేరు చదవగలిగి, అది ఏ తరహా గేమో చెప్పగలిగితే కవర్ పని చేసినట్టే.