ఒక బొట్టు రక్తంతో రోగనిర్ణయం

రోగం కుదరాలంటే ముందు అది ఏ రోగమో తెలియాలి. వారాల తరబడి విడువని జ్వరం, ఉబ్బిన ప్లీహం, నల్లబడే చర్మం, చిక్కి శల్యమయ్యే శరీరం - ఇవి కాలా-అజార్ లక్షణాలు. మలేరియాలో కూడ జ్వరం వస్తుంది, ప్లీహం ఉబ్బుతుంది. అందుచేత ఈ రెండింటిని వేరుచేసి చెప్పడం వైద్యులకు చాలాకాలం కష్టమైంది.

ఈ చిక్కు 1903లో విడిపోయింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జబ్బుపడి ఇంగ్లండులో మరణించిన ఒక సైనికుని ప్లీహంలో తాను చూచిన సూక్ష్మకణాలను గురించి లీష్మన్ ఆ యేడు ప్రకటించాడు. కొద్ది వారాలకే మద్రాసులో చార్లెస్ డోనవన్ అట్టి కణాలనే చూచాడు. బ్రతికి ఉన్న రోగి ప్లీహం నుండి కూడ తీసి చూపాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గల మన కడప జిల్లా ఆనాడు మద్రాసు రాజధానిలోనిదే. 1897లో సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రొనాల్డ్ రాస్, ఇద్దరి పేర్లూ కలిపి ఈ కొత్త జీవికి 'లీష్మేనియా డోనవాని' అని పేరు పెట్టాడు.

కాని ప్లీహంలో సూది గుచ్చడం ప్రమాదకరం. లోపల రక్తం కారితే ప్రాణమే పోవచ్చు. సూక్ష్మదర్శినిలో చూచి పోల్చగల నిపుణుడూ కావాలి. పల్లెటూరి ఆసుపత్రిలో ఇవి దొరికేవి కావు.

దీనికి వేరే మార్గం ఉన్నది. పరాన్నజీవి ప్రవేశిస్తే శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి ఆ జీవి మాంసకృత్తులకు అంటుకుంటాయి. అయితే ఆ మాంసకృత్తులు శుద్ధంగా, ఎల్లప్పుడు ఒకే తీరుగా దొరకడమెట్లా? 1973లో కోహెన్, బోయర్ అనే శాస్త్రజ్ఞులు ఒక జీవి జన్యువును బాక్టీరియాలో చేర్చి పెంచవచ్చునని చూపారు. ఈ పునస్సంయోజక పద్ధతితోనే 1993లో లీష్మేనియా మాంసకృత్తులలో ఒకదానిని తయారుచేశారు. 39 అమైనో ఆమ్లాల వరుస అందులో మరల మరల వస్తుంది. అందువల్ల దీనికి 'ఆర్‌కె 39' అని పేరు.

దీనిని తయారుచేసేది ఇ. కోలై అనే బాక్టీరియా. అనుకూల పరిస్థితులలో అది ఇరవై నిమిషాలకొకసారి రెండింతలవుతుంది. ఆ వేగం తగ్గకుంటే పది గంటలలో ఒకటి 107 కోట్లకు పైగా పెరుగుతుంది. విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లవారేసరికి పెరుగు కావడం ఇట్టి వృద్ధి వల్లనే గదా! పెరిగిన కణాలను పగులగొట్టి మాంసకృత్తును వేరుచేసి, పట్టీపై సన్నని గీతగా అద్దుతారు. వేలి నుండి తీసిన రక్తపు బొట్టులో ప్రతిరక్షకాలు ఉంటే కొద్ది నిమిషాలలో ఆ గీతకు రంగు వస్తుంది.

ఒక హెచ్చరిక. రోగం నయమైన తరువాత కూడ ప్రతిరక్షకాలు చాలాకాలం రక్తంలో నిలుస్తాయి. కనుక గీత కనబడినంత మాత్రాన రోగమున్నదని చెప్పరాదు. జ్వరాన్ని, ప్లీహాన్ని పరీక్షించే వైద్యుడు ఉండవలసినదే. అయినా ప్రాణభయంతో ప్లీహంలోకి దింపిన సూది స్థానంలో వేలికొనపై ఒక పోటు చాలునన్నది రోగికి ఎంతో మేలు.