బరువు తగ్గే సర్జరీ: స్లీవా.. బైపాసా? ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎక్కడ ఆగిపోతుందంటే..

డైటింగ్ చేశారు.. జిమ్‌కి వెళ్లారు.. పది కిలోలు తగ్గారు. ఏడాది తిరిగేసరికి పన్నెండు పెరిగారు. చివరికి డాక్టర్ బేరియాట్రిక్ సర్జరీ అన్నారు. ఇక అక్కడి నుంచి రెండు ప్రశ్నలు. ఏ ఆపరేషన్ మంచిది? ఇన్సూరెన్స్ వస్తుందా? మొదటిదాని కోసం జనం యూట్యూబ్ అంతా వెతుకుతారు. రెండోదాన్ని మాత్రం ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌కి వదిలేస్తారు. చిక్కొచ్చేది అక్కడే.

ముందుగా ఒక మాట. ఇది లైపోసక్షన్ కాదు. అందులో చర్మం కింద కొవ్వును పీల్చేస్తారు, దాన్ని కాస్మెటిక్ కిందే లెక్కేస్తారు. బేరియాట్రిక్ సర్జరీలో మారేది పొట్ట సైజు, కొన్నిట్లో పేగుల దారి కూడా.

స్లీవ్ అంటే ఏంటి?

మన దగ్గర ఎక్కువగా వినిపించే పేరు ఇదే. జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలింది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలా ఉంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా పోతుంది కాబట్టి ఆకలే తగ్గుతుంది. పేగుల జోలికి వెళ్లరు. కానీ తీసేసిన పొట్ట మళ్లీ రాదు, వద్దనుకుంటే వెనక్కి మార్చే వీల్లేదు.

దీనికున్న పెద్ద తలనొప్పి గ్యాస్, గుండెల్లో మంట. ఇప్పటికే ఛాతీలో మంటతో రాత్రిళ్లు లేచి కూర్చునేవాళ్లు ఈ సంగతి సర్జన్‌కి కచ్చితంగా చెప్పాలి. ఫిన్లాండ్‌లో స్లీవ్, బైపాస్ పేషెంట్లను పదేళ్లు ఫాలో అయిన అధ్యయనం 2022లో వచ్చింది. అన్నవాహికలో పుండు స్లీవ్ చేయించుకున్నవాళ్లలో 31 శాతం మందికి కనిపిస్తే, బైపాస్‌లో 7 శాతం మందికే కనిపించింది. అదనపు బరువులో తగ్గింది కూడా స్లీవ్‌లో 43.5 శాతం, బైపాస్‌లో 50.7 శాతం. అంటే బరువులో తేడా మరీ ఎక్కువేం కాదు.. మంట విషయంలో మాత్రం చాలా ఉంది.

మరి బైపాస్ ఎవరికి?

ఇందులో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. తిన్నది కొంత పేగును దాటేసి వెళ్తుంది. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లకి, గుండెల్లో మంట ఉన్నవాళ్లకి డాక్టర్లు దీనివైపే మొగ్గు చూపుతుంటారు. అమెరికాలో జరిగిన ఓ అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకంటే తక్కువకు వచ్చినవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం. మందులతోనే నెట్టుకొచ్చినవాళ్లలో 5 శాతమే. షుగర్ పూర్తిగా పోతుందనే ప్రకటనలు చూసినప్పుడు ఈ 29 శాతాన్ని గుర్తు చేసుకోండి.

నష్టాలూ ఉన్నాయి. స్వీట్లు తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు వచ్చే డంపింగ్ సమస్య ఉంటుంది. ఐరన్, బీ12, కాల్షియం లోటు రాకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. సిగరెట్ మానకపోతే కుట్టు దగ్గర అల్సర్ వస్తుంది. ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పెయిన్ కిల్లర్లు కూడా చాలావరకు బంద్.

మినీ బైపాస్‌లో పేగుకి ఒకే చోట అతుకు వేస్తారు, ఆపరేషన్ టైమ్ తగ్గుతుంది. పైత్యరసం వెనక్కి తన్నే ఇబ్బంది కొందరిలో ఉంటుంది. పొట్టకి బ్యాండ్ బిగించే పద్ధతి దాదాపు మూలనపడింది.

పెళ్లైన అమ్మాయిలు ఒకటి గమనించాలి.. ఏ సర్జరీ అయినా ఆ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ప్రెగ్నెన్సీ వద్దంటారు డాక్టర్లు.

డాక్టర్ ఓకే.. ఇన్సూరెన్స్ నో!

అసలు గొడవ ఇదే. అంతర్జాతీయ, అమెరికన్ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు 2022లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చాయి. వాటి ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సర్జరీకి అర్హులే. ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించొచ్చు. మన ఇన్సూరెన్స్ కంపెనీలు చూసేది మాత్రం ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన షరతులు. పాలసీ కాగితాల్లో మినహాయింపుల లిస్టులో కోడ్ 06 దగ్గర ఉంటుంది, తీసి చదవండి. 18 ఏళ్లు నిండాలి, డాక్టర్ సలహా ఉండాలి, వైద్య ప్రమాణాల ప్రకారం జరగాలి. బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉంటే నాలుగు జబ్బుల్లో ఒకటి ఉండాలి: ఊబకాయంతో వచ్చిన గుండె కండరాల జబ్బు, కరోనరీ గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా, అదుపులో లేని టైప్-2 షుగర్. పైగా మిగతా పద్ధతులు ప్రయత్నించి ఫెయిలై ఉండాలి.

మోకాళ్ల నొప్పులు, పీసీఓడీ, బీపీ, ఫ్యాటీ లివర్.. ఇవేవీ ఆ నాలుగింట్లో లేవు. కానీ చాలామంది సర్జరీకి వెళ్లేది వీటితోనే!

లెక్క చూద్దాం. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి బీఎంఐ 40 రావాలంటే 102 కిలోలు దాటాలి. 35కి దాదాపు 90 కిలోలు. షుగర్ అదుపులో లేక 84 కిలోలున్న వ్యక్తి బీఎంఐ 32.8. సర్జన్ లెక్కలో అర్హులు, కంపెనీ లెక్కలో కారు. అలాగని క్లెయిమ్ కోసం బరువు పెంచుకునే పిచ్చిపని చేయొద్దు. అలాంటి కేసుల్లో మందుల దారి గురించి డాక్టర్‌తో మాట్లాడొచ్చు. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి.

కాగితాలు ముందే రెడీ చేసుకోండి

సర్జరీకి ముందు లివర్ చిన్నదవ్వడానికి కొన్నాళ్లు తక్కువ కేలరీల డైట్ పెడతారు. ఈలోగా బరువు తగ్గి బీఎంఐ 35 కిందికి జారితే కంపెనీ పేచీ పెట్టొచ్చు. అందుకే డైట్ మొదలుపెట్టక ముందే ఎత్తు, బరువు, తేదీ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. గురక సమస్య ఉంటే స్లీప్ స్టడీ రిపోర్ట్, షుగర్ ఉంటే పాత హెచ్‌బీఏ1సీ రిపోర్టులు, డైటీషియన్ చీటీలు, వాడిన మందుల ప్రిస్క్రిప్షన్లు దాచుకోండి. 'ప్రయత్నించి ఫెయిలయ్యాం' అనడానికి ఇవే సాక్ష్యం.

ముందునుంచే ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లని 2024లో కుదించారు. కంపెనీ మారి పోర్ట్ అయితే పాత పాలసీలో గడిపిన కాలం లెక్కలోకొస్తుంది. ఫారంలో బరువు తక్కువ రాస్తే మాత్రం క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. ఐటీ ఉద్యోగులకు ఆఫీసు గ్రూప్ పాలసీల్లో చాలాసార్లు వెయిటింగే ఉండదు. అయితే బేరియాట్రిక్‌కి విడిగా ఏదైనా లిమిట్ ఉందేమో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి, నోటిమాట నమ్మొద్దు. ఆపరేషన్‌లో వాడే స్టేప్లర్లు ఖరీదైనవి, అవి ప్యాకేజీలో ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి ఫిర్యాదు చేయాలి. బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకుంది. ఫిర్యాదుతో పాటు తిరస్కరణ లెటర్, పాలసీ కాపీ, డైట్‌కి ముందు రాయించుకున్న ఆ బీఎంఐ కాగితం జతచేయండి.