ఎంప్లాయ్‌మెంట్ కార్డు నుంచి మాక్ ఇంటర్వ్యూ దాకా

తెలుగునాట డిగ్రీ చేతికొచ్చిన వాళ్లు ఒకప్పుడు ముందుగా వెళ్లే చోటు జిల్లా కేంద్రంలోని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్. నిజానికి అది చదువుకున్న వాళ్ల కోసం పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లకు తిరిగొచ్చే సైనికులకు పని చూపడానికి 1945లో కేంద్రం ఈ వ్యవస్థను నెలకొల్పింది. దేశ విభజనతో శరణార్థుల బాధ్యతా దానిమీదే పడింది. 1948 నుంచి అందరికీ తలుపులు తెరిచారు. శివరావు కమిటీ సిఫార్సుతో రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు దక్కింది 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే.

1959 చట్టం ప్రభుత్వ సంస్థలూ, పాతిక మందీ ఆపైన పనివాళ్లున్న ప్రైవేటు సంస్థలూ ఖాళీలను ఎక్స్ఛేంజ్‌కు తెలపాలంది. అక్కడ నమోదైన వాళ్లనే తీసుకోవాలని మాత్రం అనలేదు. అయినా సర్కారీ కొలువుకు ఆ కార్డే దారి అయింది. రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, అర్హతలు, రెన్యువల్ గడువు: ఇంతే ఆ కార్డు. గడువు మరిచిపోతే సీనియారిటీ పోయేది. కాల్ లెటర్ కోసం పోస్ట్‌మన్ దారి చూస్తూ ఏళ్లు గడిపిన ఇళ్లు ఎన్నో. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లతో సరిపెట్టకుండా ఖాళీలను పత్రికల్లోనూ ప్రకటించాలని చెప్పడంతో కార్డు విలువ తగ్గింది.

సలహా చెప్పే ఏర్పాటు కాగితం మీద అప్పుడూ ఉంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఉపాధి సమాచార, మార్గదర్శక కేంద్రాలు నడిచాయి. నోటిఫికేషన్లు, దరఖాస్తు గడువులు వాటికి తెలుసు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెప్పగలిగిన వాళ్లు వేరేచోట ఉన్నారు.

ఆ చోటు అమీర్‌పేట. వై2కే (2000 సంవత్సరంతో వచ్చే కంప్యూటర్ తేదీల సమస్య) పనులూ, 1998లో మొదలైన సైబర్ టవర్సూ హైదరాబాద్‌కు కొత్త కొలువులు తెచ్చిన రోజుల్లో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. ఉచిత డెమో క్లాసు, జిరాక్స్ షాపులో మెటీరియల్, సాయంత్రం ఎస్సార్ నగర్ హాస్టల్ గదిలో సీనియర్ చెప్పే ఇంటర్వ్యూ ప్రశ్నలు. అసలు మార్గదర్శనం ఆ గదిలోనే జరిగేది. పొద్దున ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన వాడు రాత్రికి ఆ ప్రశ్నలు పక్క మంచం వాడికి అప్పజెప్పేవాడు. లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే రెజ్యూమెలు తయారైందీ ఈ వీధుల్లోనే. అది దాచాల్సిన సంగతేమీ కాదు.

2000-01లో డాట్‌కామ్ పతనం, 2008-09 మాంద్యం, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆఫర్ లెటర్ ఉన్నా జాయినింగ్ తేదీ రాని ఫ్రెషర్లకు సీనియర్ చెప్పే ప్రశ్నలు చాల్లేదు. ఏ కోర్సు వదలాలి, ఏ పనికి సర్దుకోవాలి అన్నది తేల్చి చెప్పే మనిషి కావలసి వచ్చింది. ఆ పని మెల్లగా కాలేజీల మీదికి మళ్లింది. ప్రభుత్వం నెలకొల్పిన జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ముందు ఇంజనీరింగ్ కాలేజీల్లో, తర్వాత ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో మాక్ ఇంటర్వ్యూలు, గ్రూప్ డిస్కషన్లు నేర్పాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఆ బాధ్యత తీసుకున్నాయి.

కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ 2017లో సవరించిన చట్రంలో ఒక్కో మెంటర్‌కు ఎందరు విద్యార్థులన్నది కాలేజీలు లెక్క చెప్పాల్సిన అంశమైంది. ఆ మెంటర్లలో ఎక్కువమంది పాఠాలు చెప్పే అధ్యాపకులే. వాళ్లలో కంపెనీ ఇంటర్వ్యూ గది లోపల ఎందరు కూర్చున్నారన్నది ఆ లెక్కలో లేదు.