సూదిమందు నేర్పిన పాఠము

చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ తెలియనిది కాదు. కుక్క కఱచినదనగానే జనులు పరుగెత్తునది అక్కడికే. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు పొడిపించుకొన్న దినములను పెద్దలు నేటికిని తలచుకొందురు. ఆ సూదిమందునకును, చిట్టెలుక కంటినరమును అయస్కాంత యంత్రముతో పరీక్షించు నేటి శాస్త్రమునకును బంధుత్వము కలదన్నచో వింతగా తోచవచ్చును.

1885లో పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కాటునకు తొలి టీకాను కుందేటి వెన్నుపాముతో సిద్ధపఱచెను. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు మెదడు పదార్థములోని వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లముతో చంపి క్రొత్త టీకా చేసెను. పిమ్మట మన దేశమున గొఱ్ఱె మెదడుతో దానిని విరివిగా తయారుచేసిరి.

ఆ మందు ఎన్నో ప్రాణములను నిలిపినది. కాని కొద్దిమందికి సూదుల పిమ్మట కాళ్ళు చచ్చుబడినవి. కొందఱికి చూపు మందగించినది. ఇది వ్యాధియా, మందు వికటించుటయా?

1933లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ బృందము వైరస్ లేని మెదడు పదార్థమును కోతులకు పదేపదే ఎక్కించి చూచెను. కొన్నింటికి మెదడు వాచినది. దోషము మెదడు పదార్థములోనే కలదని తేలినది. నరపు తంతువులకు మైలిన్ అను క్రొవ్వు తొడుగుండును. పరాయి మైలిన్‌పై లేచిన శరీరపు రక్షణశక్తి, సొంత మైలిన్‌పైకిని తిరుగబడును. కంటినరము మెదడునకు కొనసాగింపే. దాని తొడుగును అదియే.

ఆ వ్యాధినే చిట్టెలుకలలో కల్పించి శాస్త్రజ్ఞులు కంటినరపు వాపును పరిశీలించుచున్నారు. పూర్వము నరము లోపలి స్థితి తెలియవలెనన్న ఎలుకను చంపక తప్పెడిది కాదు. 1973లో పాల్ లాటర్‌బర్ ప్రకటించిన పద్ధతి నుండి పెరిగిన ఎం.ఆర్.ఐ. వలన ఒకే ఎలుకను దినదినమును చూచుటకు వీలైనది. ఈ యంత్రము శరీరములోని నీటి కదలికను కొలువగలదు. నీరు నరము పొడవున సులభముగను, అడ్డముగ కష్టముగను కదలును. తొడుగు చెడినచో అడ్డపు కదలిక హెచ్చును. తంతువే చెడినచో పొడవు కదలిక తగ్గును. 2003లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, రెటీనాకు రక్తము కొంతసేపు అందని చిట్టెలుకల కంటినరములో ఈ రెంటిని వేఱుపఱచి చూపిరి. పిమ్మట వాపు పరిశీలనకును ఆ పద్ధతియే ఉపకరించినది.

ఈ భేదము చిన్నది కాదు. తొడుగు తిరిగి ఏర్పడవచ్చును. నశించిన తంతువు తిరిగి రాదు. రోగికి చూపు మరలునా, మరలదా యను ప్రశ్న అందే యున్నది.

2004 డిసెంబరుతో మన దేశమున ఆ పాత టీకా తయారీ నిలిచినది. నేడిచ్చునది కణములలో పెంచిన వైరస్‌తో చేసిన టీకా, సూదియు చేతికే. మందు మేలు చేసినదని సంతసించి ఊరకుండక, అది కీడు చేసిన కొద్దిమందిని గూర్చియు వైద్యులు ప్రశ్నించిరి. నేటి కంటినరపు పరిశోధనకు బీజము ఆ ప్రశ్నయే.