పత్తాకు ఎరుపు, మిరపకాయ ఎరుపు

మొన్న కార్తీకమాసంలో ఊరెళ్ళినప్పుడు మా బాబాయి నన్ను పత్తిచేలోకి తీసుకెళ్ళి, "ఏరా, కంప్యూటర్లో అన్నీ ఉంటాయంటారుగా, ఇదేం తెగులో చెప్పు" అన్నాడు. మాది పర్చూరు వైపు, 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. నల్లరేగడి నేల. చేలో కింది ఆకులన్నీ కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఉన్నాయి. టౌన్లో మందుల షాపాయన పచ్చదోమ అని చెప్పి మూడు రకాల మందులు అప్పు మీద అంటగట్టాడట. ఎరుపు మాత్రం తగ్గలేదు.

నేను వ్యవసాయం చదువుకున్నవాణ్ణి కాదు, సర్వర్లు కాసుకునే కూలీని. అయినా అడిగాడు కదా అని నాలుగు రోజులు కూర్చుని చదివాను. తవ్వేకొద్దీ కథ మన మిరపకాయ దగ్గరికే వచ్చింది.

ఆకుకి ఎండే తిండి అని బళ్ళో చదువుకున్నాం. మిట్టమధ్యాహ్నం పడే ఎండని చాలా మొక్కల ఆకులు పూర్తిగా వాడుకోలేవు అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. మిగిలిన వెలుగు ఊరికే పోదు, ఆక్సిజన్ని రెచ్చగొట్టి ఆకునే కాల్చేస్తుంది. మా భాషలో చెప్పాలంటే ట్రాఫిక్ తట్టుకోలేని సర్వరు. మరి మొక్క ఏం చేస్తుంది?

1957 లో లెనిన్‌గ్రాడ్ లో సపోజ్నికోవ్ అనే ఆయన, వెలుగు తగలగానే ఆకులో వయొలాజాంథిన్ అనే పసుపురంగు పదార్థం తగ్గిపోవటం గమనించాడు. 1962 లో హ్యారీ యమమోటో వాళ్ళు అది జియాజాంథిన్ గా మారుతోందనీ, నీడ పడితే మళ్ళీ వెనక్కి వస్తోందనీ తేల్చారు. ఎందుకు మారుతోందో మాత్రం పాతికేళ్ళు ఎవరికీ అంతుబట్టలేదు! 1987 లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ లో బార్బరా డెమ్మిగ్ బృందం, జియాజాంథిన్ పెరిగినప్పుడే ఆకు ఎక్కువైన వెలుగుని వేడిగా మార్చి వదిలేస్తోందని చూపించింది. 2000 లో బెర్క్లీలో కృష్ణ నియోగి బృందం ఈ పనికి కావలసిన ప్రోటీన్ని కూడా పట్టుకుంది.

మనవాళ్ళూ ఉన్నారు ఈ కథలో. 1992 లో హైదరాబాద్ యూనివర్సిటీలో శారదాదేవి, రాఘవేంద్ర గార్లు బఠాణీ ఆకు కణాల్లో శ్వాసక్రియని కొద్దిగా అడ్డుకుని చూశారు. ఎక్కువ వెలుగులో ఆ కణాల కిరణజన్య సంయోగక్రియ ఇంకా ఘోరంగా దెబ్బతింది. అంటే ఆకుని ఎండ నుంచి కాయటంలో మైటోకాండ్రియాకి కూడా వాటా ఉంది. రాఘవేంద్ర గారు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో రామదాస్ గారి దగ్గర చదువుకున్న మనిషి. పేపర్లలో వీళ్ళ పేర్లు ఎప్పుడైనా చూశారా? నేను చూళ్ళేదు.

ఇక మిరపకాయ. దాని ఎరుపుకి మూలం క్యాప్సాంథిన్. 1927 లో హంగరీలో జెక్‌మైస్టర్, చోల్నోకీ దాన్ని విడదీశారు. అదే హంగరీలో సెంట్‌జార్జి మిరపలోంచి కిలోల కొద్దీ విటమిన్ సి తీశాడు, 1937 లో నోబెల్ వచ్చింది. వయొలాజాంథిన్ని మార్చే ఎంజైముకి ఆ విటమిన్ సి లేకపోతే పని జరగదు. 1994 లో ఫ్రాన్సులో ఇంకో సంగతి తేలింది. వయొలాజాంథిన్ కి, జియాజాంథిన్ కి మధ్య మెట్టు ఒకటుంది, ఆంథెరాజాంథిన్. పండే కాయ దాన్నే తీసుకుని క్యాప్సాంథిన్ చేసుకుంటుంది. ఆకులో గొడుగు పట్టిన సరుకే కాయలో రంగయి గుంటూరు యార్డులో ధర పలుకుతోందన్నమాట. కోసి కల్లంలో ఆరబోశాక ఆ రంగుని కాపాడే ప్రాణం ఉండదు కాబట్టి ఎండకే వెలిసిపోతుంది. రంగు పోయిన కాయకి ధర తెగ్గోస్తారని మా నాయనమ్మకి ఏ పేపరూ చదవకుండానే తెలుసు :)

మళ్ళీ పత్తి దగ్గరికి. పత్తాకు ఎరుపు వేరే రంగు, ఆంథోసయనిన్. రాత్రిళ్ళు చలి పడితే ఆకులో పని మందగిస్తుంది, పగటి ఎండ మాత్రం తగ్గదు. మెగ్నీషియం చాలకపోతే ఆకులో తయారైన చక్కెర కాయల వైపు కదలదు, లోపలే పేరుకుంటుంది. రెండిట్లో ఏదైనా వెలుగు మిగిలిపోయినట్టే. అప్పుడు ఆకు పైన ఎర్రపరదా వేసుకుంటుంది. పచ్చదోమ వల్లా ఎరుపొస్తుంది, అది అబద్ధం కాదు. కానీ దోమైతే ఆకు అంచులు ముందు పసుపై కిందికి ముడుచుకుంటాయి, తర్వాత ఎరుపు. మెగ్నీషియం లోపమైతే ముదురాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం ఎర్రబారుతుంది. ఆకు తిప్పి దోమ పిల్లలున్నాయో లేదో చూస్తే పోయేదానికి మూడు మందులు!

బాబాయి ఆకు తిప్పి చూశాడు. దోమ లేదు, ఈనెలు పచ్చగా ఉన్నాయి. లీటరుకి పది గ్రాముల లెక్కన మెగ్నీషియం సల్ఫేట్ కొట్టించాడు. ఎర్రబడిన పాతాకులు అలాగే ఉన్నాయి గానీ, పైన వచ్చినవి పచ్చగా వచ్చాయని నిన్న ఫోన్ చేశాడు. షాపాయన బాకీ ఇంకా తీరలేదు, పత్తి అమ్మాక కట్టాలట.