రాఘవాపురం మాలపల్లె సువార్తికుడు పగోలు వెంకయ్య

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ దళితవాడల్లో చర్చి గంట ఎప్పటి నుంచి మోగుతోందని అడిగితే చాలామంది తెల్లదొరల పేర్లతో మొదలుపెడతారు. బందరులో నోబుల్ కాలేజీ ఉంది కాబట్టి నోబుల్ దొర పేరు అందరికీ తెలుసు. కృష్ణా జిల్లాలో మాలపల్లెల్ని క్రీస్తు వైపు కదిలించిన మాల మనిషి పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయన పగోలు వెంకయ్య. ఊరు రాఘవాపురం. 1859లో కుటుంబంతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తన జనం మధ్యే సువార్తికుడిగా బతికాడు.

బందరు బడిలో చోటు దొరకని పిల్లలు

చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు వచ్చారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించాడు. ఆరోగ్యం పాడై ఇంగ్లండు వెళ్లి 1848లో చనిపోయాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. ముందు పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు, బైబిలు నేర్పితే ఆ వెలుగు కింది కులాలకు దిగుతుందని ఆయన లెక్క. అందుకే అంటరానివాళ్లని ముద్రపడ్డ కులాల పిల్లల్ని ఆ బడిలో చేర్చుకోలేదు.

1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు తమ పిల్లల్ని మాన్పించారు. బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ తన పద్ధతి మార్చుకోకుండా 1865లో బందరులోనే కన్నుమూశాడు. ఆయన నిబద్ధతను శంకించనక్కర్లేదు. కానీ కులం గీసిన గీతను ఆ బడి చెరపలేదు.

పదేళ్ల వెతుకులాట

బందరు బడి ఇలా నడుస్తున్న రోజుల్లోనే, ఏ మిషనరీ అడుగుపెట్టని మాలపల్లెలో ఒక మనిషి దేవుడి కోసం వెతుకుతున్నాడు. రాళ్లు దేవుళ్లు కావనీ, అన్నిటినీ చేసిన దేవుడు ఒక్కడేననీ వెంకయ్య చెవిన పడింది. ఆ మాట ఆయన్ను వదల్లేదు. పేరు తెలియని ఆ దేవుణ్నే, నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనబడమని వేడుకున్నాడు. ఆ ప్రార్థన పదేళ్లు సాగింది.

కృష్ణ ఒడ్డున పుణ్యస్నానాలకు జనం చేరిన సమయంలో, బెజవాడలో ఒక దొర కొత్త దేవుడి గురించి చెబుతున్నాడని ఆయనకు తెలిసింది. ఆ దొర చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన థామస్ డార్లింగ్. వెంకయ్య తనవాళ్లతో వెళ్లి విన్నాడు. ఇన్నేళ్లు తాను వెతికింది ఈ దేవుణ్నేనని అక్కడే తనవాళ్లకు చెప్పాడు.

ఈ వరసను గమనించాలి. దళితులు బియ్యానికీ, పాలపిండికీ మతం మారారనే ఎగతాళి నేటికీ వినబడుతుంది. వెంకయ్య దగ్గరికి ఎవరూ మూట పట్టుకుని రాలేదు. దొర మొహం చూడకముందే ఆయన పదేళ్లు ప్రార్థించాడు. చివరికి నడిచి వెళ్లిందీ ఆయనే.

దొంగ అనే ముద్ర

మిషనరీల రాతలు వెంకయ్యను ఒకప్పటి దొంగల ముఠా నాయకుడిగా చెబుతాయి. పాపి మారాడని చూపడానికి అలాంటి కథ పనికొస్తుంది. మనం మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. భూమి లేని, గుడిలోకి, బడిలోకి ప్రవేశం లేని కులంలో పుట్టిన మనిషికి ఆ రోజుల్లో బతకడానికి ఏ దారులున్నాయి? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువలొచ్చి డెల్టా పొలాలు వరి పండించాయి. ఆ పొలాల్లో నాట్లు వేసి కోతలు కోసిన మాల మాదిగలకు మాత్రం సెంటు భూమి కూడా గగనమే అయింది.

ఇల్లే తొలి సంఘం

వెంకయ్య ఒంటరిగా మారి ఇల్లు విడిచిపోలేదు. బందరు బడిలో బాప్తిస్మం తీసుకున్న పై కులాల యువకుడికి కన్నవాళ్లు దూరమయ్యేవారు. రాఘవాపురంలో ఇంటిల్లిపాదీ కలిసి వచ్చారు. ఆ తర్వాత చుట్టాలు, వియ్యంకుల దారిలో సువార్త పల్లె నుంచి పల్లెకు పాకింది. రాఘవాపురం మిషన్ కేంద్రమైంది.

ఒంగోలు వైపు కూడా ఇదే జరిగింది. మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. తోళ్ల వ్యాపారం మీద తిరిగే పేరయ్య తన మాదిగ బంధువర్గానికి బోధకుడయ్యాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే దాని వెనక అలాంటి బోధకుల పన్నెండేళ్ల నడక ఉంది. అయితే ఇలా బంధుత్వాల వెంట పెరగడం వల్లే చాలాచోట్ల మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా నిలిచాయి. ఆ గీతను చెరిపే పని ఇంకా మిగిలే ఉంది.

వెంకయ్య తర్వాతి తరాల్లో పల్లెల్ని నిలబెట్టింది ఉపదేశులు. ఉపదేశి పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు, రాత్రి లాంతరు కింద కూలి నుంచి వచ్చినవాళ్లకు వాక్యం చెప్పేవాడు. భార్య ఆడవాళ్లకు చదువు నేర్పేది. చాలీచాలని జీతంతోనే పిల్లల్ని మిషన్ బోర్డింగులకు పంపారు. డెల్టా దళితుల్లో తొలి టీచర్లు, నర్సులు ఎందరో ఆ ఇళ్ల నుంచే వచ్చారు.

గుర్తింపు ఎక్కడ?

వెంకయ్య దేవుణ్ని మార్చుకున్నా, ఊరు ఆయన వాడను మార్చలేదు. చట్టం మాత్రం మతం మారితే కులం పోయినట్టే చూస్తుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. దళిత క్రైస్తవులకు మాత్రం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారికి బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషనే దక్కింది. వారికి ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫార్సు చేసింది. 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం స్వీకరించిన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదు చేసింది ఒక పాస్టరే.

అందుకే ఈ చరిత్ర మనకు ఇవాళ అవసరం. పాత చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లలో, సమాధుల మీది రాళ్లలో, ముసలమ్మల జ్ఞాపకాల్లో ఉపదేశుల పేర్లు ఇంకా ఉన్నాయి. చెదలు పట్టకముందే వాటిని రాసి పెట్టుకోవడం ప్రతి పల్లె సంఘం చేయగలిగిన పని. వెంకయ్య పేరు పక్కన వాళ్ల పేర్లూ ఉండాలి.